డబ్లిన్ నుంచి మ్యూనిక్‌కి నేను రాసిచ్చిన చీటీ

డబ్లిన్ నుంచి మ్యూనిక్‌కి దూరం సుమారు పద్నాలుగు వందల కిలోమీటర్లు. విమానంలో రెండున్నర గంటలకి అయిదు నిమిషాలు తక్కువ. నిద్రలో లేపి అడిగినా ఈ రెండు ముక్కలూ తడుముకోకుండా చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ళు గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టిక్కెట్లు రాసినవాణ్ణి. ఆ రెండు ఊళ్ళనీ నేను చూడలేదు. అసలు దేశం దాటిందే లేదు.

నేను రిటైరైన రోజున ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు దండ వేసి, "సార్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అన్నారు. మర్యాదకి అన్నారనుకోండి. అయినా రాస్తున్నాను. ఎన్ని టిక్కెట్లు కొట్టానో, ఏ ఎయిర్‌లైన్సు వాళ్ళు ఏ జ్ఞాపిక ఇచ్చారో మాత్రం రాయను. ఆ జ్ఞాపికలన్నీ మా ఇంట్లో అటక మీద ఉన్నాయి, బూజు పట్టి. నేను రాయాల్సింది ఒక చీటీ గురించి. నా చేత్తో, నా నీలం సిరాతో, ఆఫీసు పేరున్న కాగితం మీద రాసిచ్చిన చీటీ. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

గోడ మీద పటం

మా యజమాని రామ్మోహనరావు గారు ఒకప్పుడు పొగాకు కంపెనీలో గుమాస్తా. ఆఫీసు గోడ నిండా ప్రపంచ పటం తగిలించి, పక్కనే మేకుకి ఒక దారం వేలాడదీశారు. రెండు ఊళ్ళ మధ్య దారం పెట్టి, దాన్ని కింద ఉన్న స్కేలు మీద ఆనించి దూరం చెప్పడం నా మొదటి ఉద్యోగం. నాకది బ్రహ్మవిద్యలా ఉండేది. వచ్చినవాళ్ళందరికీ అడక్కపోయినా కిలోమీటర్లు చెప్పేవాణ్ణి.

చేరిన రెండో ఏడు మిర్చి యార్డు నుంచి నాగేశ్వరరావు గారు వచ్చారు. మిర్చి ఎగుమతి వ్యాపారం ఆయనది. మాకు చివరిదాకా పెద్ద ఖాతా. లండన్ వెళ్ళి, అక్కణ్ణించి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి మళ్ళీ లండన్ రావాలన్నారు. నేను టైంటేబుల్ పుస్తకం తీసి, దిగే టైములోంచి ఎక్కే టైము తీసేసి, "వెళ్ళేటప్పుడు రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలండీ, వచ్చేటప్పుడు ముప్ఫై అయిదు నిమిషాలే" అన్నాను ఠీవిగా.

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఏందయ్యా, పోయేటప్పుడు ఎద్దులబండీ, వచ్చేటప్పుడు రాకెట్టూనా? ఒకటే ఇమానం కదంటయ్యా?"

లోపలి గదిలోంచి రామ్మోహనరావు గారు పకపకా నవ్వారు. నా చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకంలో వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదేననీ, లండన్‌కీ ఫ్రాంక్‌ఫర్ట్‌కీ ఒక గంట తేడా ఉంటుందనీ, అసలు ప్రయాణం ఎటు వెళ్ళినా గంటా ముప్ఫై అయిదు నిమిషాలేననీ ఆయన నాకు ఆ రోజు చెప్పారు. చెప్పి, "దారాన్ని నమ్ముకోకు ప్రసాదూ. వచ్చినవాడికి దూరం అక్కర్లేదు. వాడు అక్కడ దిగి ఏం చెయ్యబోతున్నాడో ముందు అడుగు. తర్వాత టైము చెప్పు" అన్నారు.

నాగేశ్వరరావు గారు ఈ ముచ్చట యార్డంతా చెప్పారు. ఆర్నెల్ల పాటు నన్ను చూసినవాళ్ళందరూ "ఏమోయ్ రాకెట్టూ" అనేవాళ్ళు. ఆ సిగ్గుతోనే నేర్చుకున్నాను. ఏ దేశానికీ మనకీ ఎన్ని గంటల తేడా, చలికాలం ఎంత, ఎండాకాలం ఎంత, అక్కడ గడియారాలు ఎప్పుడు ముందుకి తిప్పుతారు, ఎప్పుడు వెనక్కి తిప్పుతారు, అన్నీ కంఠతా పట్టాను. మెల్లిగా రాకెట్టు పేరు పోయి "టైము ప్రసాదరావు" అన్న పేరు వచ్చింది. ఆ పేరు నాకు మహా ముద్దు. అక్కడే చెడ్డాను.

రాహుకాలం లేని టిక్కెట్టు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి ఒక మాట. మన జిల్లాలో టిక్కెట్టు రాయడం అంటే విమానం టైము ఒక్కటే చూస్తే చాలదు. మా సొరుగులో ఎయిర్‌లైన్సు గైడు కింద పంచాంగం ఉండేది. "బయల్దేరే టైము రాహుకాలం కాకుండా చూడండి" అనని మనిషి పదిమందిలో ఒకరుంటే గొప్ప. విమానం టైము మన చేతిలో లేదు కదా! అందుకని ఇంట్లోంచి బయటికి వచ్చే టైము చెప్పేవాణ్ణి. మంచి వేళలో పెట్టె పక్కింట్లో పెట్టించి, మనిషిని తర్వాత బయల్దేరదీసినవీ ఉన్నాయి. ఒక పొగాకు వ్యాపారి రాహుకాలం ముందే ఇల్లు వదిలి, రైలుకి నాలుగు గంటల ముందు స్టేషన్లో కూర్చుని, ఆకలేసి నాకే ఫోన్ చేసి ఇడ్లీ తెప్పించుకున్నాడు.

మీరు నవ్వుతారు. నేనూ లోపల్లోపల నవ్వేవాణ్ణి. అది కూడా తప్పే. ఎదుటివాడు దేన్ని నమ్ముకుని ప్రయాణం పెట్టుకున్నాడో దాన్ని చులకన చేసేవాడు ఈ కుర్చీలో కూర్చోకూడదు. మనకి నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి.

శాస్త్రి గారు

సుబ్రహ్మణ్య శాస్త్రి గారు పట్టాభిపురంలో ఉండేవారు. గుంటూరులో పేరున్న పురోహితులు. ముహూర్తం పెట్టడంలో ఆయన మాటకి తిరుగు లేదు. చిలకలూరిపేట మిల్లుల వాళ్ళు, చీరాల చీరల షాపుల వాళ్ళు కార్లు పంపించి ఆయన్ని తీసుకెళ్ళేవాళ్ళు. మనిషి సన్నగా, కొంచెం కోపిష్టి. తప్పు మంత్రం చదివే శిష్యుల్ని పెళ్ళి పీటల దగ్గరే కేకలేసేవారు. కానీ తనకి తెలియనిది అడగడానికి మొహమాటపడేవారు కాదు.

ఒక జనవరిలో నాగేశ్వరరావు గారి మనవరాలికి పెళ్ళి కుదిరింది. పిల్లా పిల్లవాడూ ఇద్దరూ మ్యూనిక్‌లో ఉద్యోగాలు. సెలవులు లేవు, పెళ్ళి అక్కడే. పురోహితుడు మాత్రం శాస్త్రి గారే కావాలని నాగేశ్వరరావు గారి పట్టు. తాతగారికేమో మోకాళ్ళ నొప్పులు, ప్రయాణం చెయ్యలేరు. "నేను టీవీలో చూసుకుంటాలే, మీరు పోయి కానిచ్చుకు రండి" అన్నారు. అంతటితో ఆగలేదు. తమ్ముడి కొడుకు డబ్లిన్‌లో ఇల్లు కొన్నాడు, శనివారం అక్కడ గృహప్రవేశం, ఆదివారం మ్యూనిక్‌లో పెళ్ళి, రెండూ ఒకే చేత్తో అయిపోవాలన్నారు.

శాస్త్రి గారు మా ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. చేతిలో పంచాంగం.

"ప్రసాదరావు గారూ, ఆ ఊరి నుంచి ఈ ఊరికి ఎంత దూరం?"

"పద్నాలుగు వందల కిలోమీటర్లండీ. విమానంలో రెండున్నర గంటలు కూడా పట్టదు. మీరు గుంటూరులో చీరాల బస్సెక్కి దిగేలోపు అక్కడ సముద్రం దాటి దేశం మారిపోతారు."

ఆయన నవ్వలేదు. "పొద్దున్నే బయల్దేరితే ముహూర్తానికి అందుకుంటానా? నాకు అది చెప్పండి."

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి డబ్లిన్‌లో ఎక్కితే పదీ అయిదుకి మ్యూనిక్‌లో దిగుతారు. ప్రయాణం రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు, గడియారం తేడా ఒక గంట. అది చెప్పాను. అప్పుడాయన పంచాంగం తెరిచి, "ఆ రోజు మనకి మధ్యాహ్నం మూడూ పాతిక దాకా వర్జ్యం ఉంది. మూడూ నలభైకి ముహూర్తం పెట్టాను. వర్జ్యం మనకి ఎప్పుడు వదిలితే లోకమంతా అప్పుడే వదులుతుంది. అక్కడి గడియారంలో అది ఎంతవుతుందో మీరు చెప్పాలి. శుభలేఖలు వెయ్యాలి" అన్నారు.

నేను క్షణం ఆలోచించలేదు. మ్యూనిక్‌కి మనకి నాలుగున్నర గంటల తేడా. కాగితం తీసి రాశాను. "మన టైములోంచి డబ్లిన్‌కి 5.30, మ్యూనిక్‌కి 4.30 తీసెయ్యాలి. 3.40 అంటే అక్కడ ఉదయం 11.10." కింద సంతకం కూడా పెట్టాను, ఎవరడిగారనీ!

"పదీ అయిదుకి దిగితే పదకొండూ పదికి పీటల మీద ఉండగలనా?" అని ఆయన అనుమానపడ్డారు.

"సరిపోతుందండీ. అవతల కార్లు సిద్ధంగా ఉంటాయిగా" అన్నాను. డబ్లిన్ నుంచి దిగినవాళ్ళకి మ్యూనిక్‌లో మళ్ళీ పాస్‌పోర్టు లైను ఉంటుందని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే ఆయన ముందు రోజు విమానం అడుగుతారు, అడిగితే గృహప్రవేశం కుదరదు, కుదరకపోతే నాగేశ్వరరావు గారికి కోపం. ఆ చీటీని ఆయన నాలుగు మడతలు పెట్టి పంచాంగంలో దాచుకున్నారు.

ఆ పెళ్ళి మార్చి చివరి ఆదివారం. చదివేవాళ్ళలో ఈ పని తెలిసినవాళ్ళకి ఇప్పటికే విషయం అర్థమై ఉంటుంది. మార్చి చివరి ఆదివారం తెల్లవారుజామున ఐరోపా అంతటా గడియారాలు ఒక గంట ముందుకి తిప్పుతారు. ఆ రోజు నుంచి మనకీ మ్యూనిక్‌కీ తేడా నాలుగున్నర కాదు, మూడున్నర. మన మూడూ నలభై అంటే అక్కడ పన్నెండూ పది. నేను జనవరిలో కూర్చుని జనవరి లెక్క చెప్పాను. టైము ప్రసాదరావుని!

సుజాత అడిగిన మాట

ఇంతవరకూ అయితే అది పొరపాటు. పొరపాటుకి ఇన్నేళ్ళు ఇంతగా కుమిలిపోనక్కర్లేదు.

మా ఆఫీసులో సుజాత అని ఇంకో టిక్కెటింగ్ ఉద్యోగి ఉండేది. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, పనిలో నాకంటే నాలుగాకులు ఎక్కువే. పెళ్ళికి పన్నెండు రోజుల ముందు శాస్త్రి గారి టిక్కెట్లు ప్రింటు తీస్తూ ఆగింది.

"సార్, ఆ శనివారం రాత్రే కదా అక్కడ గడియారాలు మార్చేది? మీరు శాస్త్రి గారికి నాలుగున్నర అని రాసిచ్చారు. ఆదివారానికి అది మూడున్నర అవుతుంది. ఆయన ముహూర్తం ఆ లెక్కతో పెట్టుకున్నారేమో. ఫోన్ చెయ్యమంటారా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ పిల్ల ముందు మొహం మామూలుగా పెట్టుకుని, "నాకు తెలుసులేమ్మా. నేను చెప్తాను" అన్నాను.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు కూడా నొక్కాను, సగం. శుభలేఖ నా బల్ల మీదే ఉంది. పసుపు రాసిన అంచులు, మధ్యలో పెద్ద అక్షరాల్లో ఉదయం 11.10 గంటలకు. ఇప్పుడు చెబితే శుభలేఖలు మళ్ళీ వెయ్యాలి. అక్కడ హాలు వాళ్ళకి, వంటవాళ్ళకి టైము మార్చాలి. నాగేశ్వరరావు గారు ఆఫీసుకొచ్చి నలుగురిలో "ఏమోయ్ రాకెట్టూ" అంటారు. ఇన్నేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో పోతుంది. పైగా, ఒక గంటలో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

అదే నా తప్పు. మొదటిది కాదు, ఇది. నాకు తెలిసి, చెప్పే వీలుండి, నోరు మూసుకున్నాను. మూడో రోజున సుజాత "చెప్పారా సార్?" అని అడిగింది. "ఆఁ" అన్నాను.

పెళ్ళి

అక్కడ ఏం జరిగిందో తర్వాత నలుగురి దగ్గరా విని తెలుసుకున్నాను. శాస్త్రి గారు పదీ అయిదుకి దిగారు. పాస్‌పోర్టు లైనులో అరగంట పైన నిలబెట్టారు. మడి బట్టల సంచీ భుజాన వేసుకుని, డెబ్భైకి దగ్గరపడిన మనిషి, ఆ విమానాశ్రయంలో పరుగెత్తారట. హాలుకి చేరేసరికి పదకొండుంబావు. ముహూర్తం దాటిపోతోందని అందరూ కంగారు. గౌరీ పూజ సగంలో ఆపించి, కాళ్ళు కడిగించడం కూడా హడావిడిగా కానిచ్చి, పదకొండూ ఇరవైకి జీలకర్రా బెల్లం పెట్టించారు. వెంటనే తాళి కట్టించారు. పెళ్ళికూతురు తల్లి పట్టుచీర మార్చుకోవడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది. ఆవిడ చూడనే లేదు.

నిజానికి ఆ సమయంలో వాళ్ళ చేతిలో యాభై నిమిషాలున్నాయి. తీరిగ్గా కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, అమ్మ వచ్చేదాకా ఆగి చెయ్యవలసిన పెళ్ళి అది.

పన్నెండింటికి శాస్త్రి గారు హాలు బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసి, "బాగా జరిగింది, అయిపోయింది" అన్నారు. అవతల వాళ్ళావిడ అన్నపూర్ణమ్మ గారు, "అదేమిటండీ? ఇంకా మూడున్నరే కదా. మూడూ నలభైకి కదా ముహూర్తం! నేనిక్కడ అక్షింతలు పట్టుకుని కూర్చున్నాను" అన్నారట.

ఇక్కడ గుంటూరులో నాగేశ్వరరావు గారు టీవీ ముందు పంచాంగం పెట్టుకుని కూర్చుని, మనవరాలి పెళ్ళి రెండూ యాభైకి, నిండు వర్జ్యంలో జరగడం కళ్ళారా చూశారు. ఫోన్లు చేస్తే హాల్లో ఎవరెత్తుతారు?

నేనన్న మాట

సోమవారం పొద్దున మేం షట్టరు తీసేసరికి ఆయన కారు బయట ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నాలుగు మెట్లూ ఎక్కి వచ్చారు.

"ఎవడు చెప్పాడయ్యా ఆ టైము? నా మనవరాలి మెళ్ళో తాళి వర్జ్యంలో పడింది. శాస్త్రి చెప్పాడా, మీరు చెప్పారా? నాకు తెలవాలి."

రామ్మోహనరావు గారు అప్పటికే కాలం చేశారు. వాళ్ళబ్బాయి నావైపు చూశాడు. సుజాత నావైపు చూసింది.

నేను చెప్పాను. "మేం టిక్కెట్టు వరకేనండీ. విమానం టైముకే దించింది కదా. ముహూర్తం లెక్క శాస్త్రి గారిది. పెద్దవారైపోయారు, ఎక్కడో పొరబడి ఉంటారు."

ఒక్క తడబాటు లేకుండా వచ్చింది ఆ మాట. అబద్ధం అంత నున్నగా నా నోట్లో ఉందని నాకే తెలియదు. సుజాత లేచి నీళ్ళ కోసమని లోపలికి వెళ్ళింది. నాగేశ్వరరావు గారు "అంతే, అంతే. ముసలాడికి చత్వారం ముదిరింది" అంటూ వెళ్ళిపోయారు. యార్డుకే వెళ్ళారు. యార్డులో ఒక మాట పడితే గుంటూరంతా పడినట్టే.

పది రోజుల తర్వాత శాస్త్రి గారు తిరిగొచ్చి ఒక మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చారు. చేతిలో పంచాంగం. తేలు కుట్టిన దొంగలా నేను గబుక్కున ఫోన్ ఎత్తి చెవికి పెట్టుకుని, "ఆఁ, చెప్పండి సార్, సింగపూరా, ఎన్ని సీట్లు" అన్నాను. అవతల ఎవరూ లేరు. డయల్ టోనుతో మాట్లాడాను. ఆయన అయిదు నిమిషాలు నా బల్ల ముందు నిలబడ్డారు. నేను సింగపూరుకి సీట్లు చూస్తూనే ఉన్నాను. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

సుజాత ఆ రోజు నుంచి నన్ను ఏదీ అడగలేదు. ఆమె ఇచ్చే ప్రతి ఐరోపా టిక్కెట్టు మీద మాత్రం ఎర్ర సిరాతో గడియారాలు మారే రాత్రి ఏదో రాసి కింద గీత గీసేది. అలా రాయమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ ఎర్ర గీత కనబడ్డప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

తర్వాతి ఏళ్ళు

వర్జ్యంలో కట్టిన ఆ తాళికి ఏమీ కాలేదు. ఆ పిల్లా పిల్లవాడూ చిలకా గోరింకల్లా ఉన్నారు. ఇద్దరు పిల్లలు. ఏటా వేసవిలో వచ్చి నాగేశ్వరరావు గారింట్లో మామిడిపళ్ళు తిని వెళతారు. వాళ్ళ టిక్కెట్లు నేనే రాశాను.

చెడింది శాస్త్రి గారొక్కరే. ముందు మిర్చి యార్డు వాళ్ళు మానేశారు. తర్వాత చిలకలూరిపేట కార్లు రావడం మానేశాయి. "ఆయన మంచివారే, కానీ లెక్క తప్పుతోందట" అనేవాళ్ళు. పురోహితుడి గురించి ఈ మాట అన్నాక ఇంకేం మిగులుతుంది? రెండేళ్ళకి ఆయన పెళ్ళిళ్ళు చేయించడమే మానేశారు. తద్దినాలకి, చిన్న చిన్న వ్రతాలకి పిలిస్తే వెళ్ళేవారు. ముహూర్తం పెట్టమంటే, "ఇంకెవర్నైనా అడగండి" అనేవారట.

మా ఆఫీసు ఆయన దారిలోనే ఉంది. వారంలో రెండు మూడు సార్లు గొడుగేసుకుని నడిచి వెళుతూ మా అద్దాల తలుపు వైపు ఒకసారి చూసేవారు. ఆరేళ్ళు. నేను ప్రతిసారీ సొరుగులో ఏదో వెతుక్కునేవాణ్ణి.

చేతులు కాలాక

రిటైరైన నెలకి పట్టాభిపురం వెళ్ళాను. ఎందుకు అప్పుడంటే, పోయే పేరు ఇంకేం లేదు కనుక. నా ధైర్యం అంతటిది. అన్నపూర్ణమ్మ గారు తలుపు తీసి, నన్ను పోల్చుకుని, "రండి" అనలేదు. పక్కకి తప్పుకున్నారు, అంతే.

శాస్త్రి గారు వాలుకుర్చీలో ఉన్నారు. నేను నేల మీద కూర్చున్నాను. సుజాత అడగడం, నేను ఫోన్ పెట్టెయ్యడం, నాగేశ్వరరావు గారితో అన్న మాట, సింగపూరు ఫోను, అన్నీ వరసగా చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు.

"సుజాత గారు ముందే చెప్పారా మీకు?" అని ఒక్కటే అడిగారు. "అది నాకు తెలియదు. గడియారాలు మార్చే సంగతి మీరు మర్చిపోయారనుకున్నాను ఇన్నాళ్ళూ."

"అవునండీ, పన్నెండు రోజుల ముందే" అన్నాను.

"నేను ఇంకొకరిని అడిగి సరిచూసుకోవాల్సింది. అది నా తప్పు, ఒప్పుకుంటాను. పరాయి దేశం గడియారం సంగతి మీకే తెలుసుననుకున్నాను." ఆయన గొంతు పెరిగింది. "కానీ నేను పెద్దవాణ్ణైపోయానని మీరెవరండీ చెప్పడానికి?"

లోపలి నుంచి అన్నపూర్ణమ్మ గారు, "అడగండి, అడగండి. ఇన్నాళ్ళకి దొరికారు" అన్నారు.

ఆయన పక్కనున్న పంచాంగం తీశారు. అది ఈ ఏటిదే. మధ్యలోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టారు. నీలం సిరా, నా సంతకం. మడతల దగ్గర చిరిగి, అంటించిన టేపు పసుపుపచ్చగా మారింది.

"ఇది చూపిస్తే చాలు కదండీ," అన్నాను. "ఆ రోజే నాగేశ్వరరావు గారి మొహాన కొట్టి ఉంటే సరిపోయేది కదా. ఎందుకు దాచారు?"

"మీ ఆఫీసుకి వచ్చింది అందుకే. ముందు మీకు చూపించి, ఇద్దరం కలిసి ఆయన దగ్గరికి వెళదామని. మీరు ఫోన్లో ఉన్నారు." చీటీ వైపు చూపిస్తూ అన్నారు, "మిమ్మల్ని పట్టివ్వడానికి దాచలేదు. ఊరంతా ఒకే మాట అంటుంటే ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నాకు మతి తప్పుతోందేమోనని. అలా అనిపించినప్పుడల్లా ఇది తీసి చూసుకుంటాను. లేదు, నా లెక్క సరిగానే ఉంది అనుకుని పడుకుంటాను. ప్రతి ఉగాదికీ పాత పంచాంగంలోంచి కొత్తదాంట్లోకి మారుస్తాను."

చీటీ ఆయనకి తిరిగి ఇవ్వబోయాను.

"నాకు క్షమాపణలు వద్దు. ఆ మాట ఎక్కడ అన్నారో అక్కడ చెప్పి రండి. చీటీ తీసుకెళ్ళండి" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మిర్చి యార్డుకి వెళ్ళాను. ఘాటుకి అందరూ దగ్గుతూ, తుమ్ముతూ ఉన్నారు. నాగేశ్వరరావు గారు బస్తాల పక్కన కుర్చీ వేసుకుని ఉన్నారు. అక్కడున్న పదిమందీ వినేలా గట్టిగా చెప్పాను, చీటీ చూపించాను. శాస్త్రి గారి లెక్క తప్పలేదు, తప్పింది నాది, తెలిసీ చెప్పలేదు, పైగా అబద్ధమాడాను అన్నాను.

ఆయన చీటీని దూరంగా పెట్టి చదివి, నాకిచ్చేసి, "ఎప్పటి మాటయ్యా అది! పోనీలే. పిల్లలు బానే ఉన్నారుగా. ఇప్పుడు ఎవరిక్కావాలి" అన్నారు. పక్కనున్నవాళ్ళు బేరాల్లో పడ్డారు. టీ తాగి వెళ్ళమన్నారు కూడా.

తిరిగి పట్టాభిపురం వెళ్ళాను. శాస్త్రి గారు అదే కుర్చీలో ఉన్నారు.

"ఏమన్నారు?"

"పోనీలే అన్నారండీ."

"ఆయనకేం పోయింది కనుక, పోనీ అనకపోవడానికి" అన్నారు.

ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి నేను చెప్పగలిగింది తక్కువ. ఏ ఊరికి ఎంత దూరమో, విమానం ఎంతసేపు ఎగురుతుందో ఇవాళ ప్రతి ఫోనూ చెబుతుంది, నాకంటే బాగా చెబుతుంది. తప్పు చెప్పామని తెలిసినప్పుడు సగం నొక్కిన నంబరు పూర్తిగా నొక్కడం మాత్రం మనమే చెయ్యాలి. నొక్కకపోతే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాశాను. రాసినంత మాత్రాన నా బరువేమీ తగ్గలేదు.

ఆ రోజు నేను లేచి నిలబడి, ఇంకేం చెయ్యమంటారని శాస్త్రి గారిని అడిగాను. పేపర్లో వేయించమంటారా, చిలకలూరిపేట వెళ్ళి చెప్పి రమ్మంటారా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, చెయ్యి చాపారు.

"ఆ చీటీ ఇటివ్వండి" అన్నారు.

ఇచ్చాను. ఆయన దాన్ని చిరగకుండా, పాత మడతల మీదే మడిచి, మళ్ళీ పంచాంగంలో పెట్టుకున్నారు.